పదకొండు గంటలలోపు

గోళ్ళతో గీకొద్దు, బ్లేడు అసలే వద్దు
అని గ్యారేజీ గుమ్మంలోంచే కేకేసి
కల్యు కాఫీకి వెళ్ళిపోయాడు.
బండి ఆయనది. చేతులు నావి.

నల్లటి బండి, పొడుగాటిది.
పోల్వా వీధుల్లో ఇది ఎదురైతే
సైకిలు దిగి టోపీ తీసేవాళ్ళు ఇంకా ఉన్నారు.
దాని నెత్తిన ఇప్పుడు పదిహేడు బంక చుక్కలు.
లెక్కపెట్టాను.
కొన్ని తేనె రంగువి, కొన్ని దుమ్ముపట్టి పాలిపోయినవి,
ఒకదాంట్లో దోమ,
కాళ్ళన్నీ తీరిగ్గా చాపుకుని.
నాలుగు కోట్ల ఏళ్ళు ఓపిక పడితే
సముద్రం ఒడ్డున టూరిస్టులకి అమ్ముకోవచ్చు.
అంత్యక్రియలు పదకొండింటికి.

పోయిన గురువారం సల్మెని తీసుకెళ్ళాం.
మా వైపు ఒక ఆనవాయితీ:
సమాధుల తోటకి వెళ్ళే దారిలో, అడవి అంచున బండి ఆపి
పోయినవాళ్ళ పేరిట ఒక చెట్టుకి శిలువ చెక్కుతారు.
ఇంటిమీద బెంగపడి వెనక్కి నడిచొచ్చే ప్రాణం
అది చూసి, అరె, నేను పోయాను కదూ అనుకుని
మళ్ళిపోతుందట.

సల్మె మనవడు ఇవార్ టార్టూలో పళ్ళ డాక్టరు.
ఎంతమంది దవడల్లో చెయ్యి పెట్టాడో గాని
పైన్ బెరడు ముందు వణికాడు.
నిలువు గీత పడింది.
అడ్డగీతకి ముప్పావుగంట.
జూలై ఎండ. కొమ్మల కింద ఇంజను ఆపుకుని నేను.
నా వెనక సల్మె, ఏ తొందరా లేకుండా.

బంక కారింది శిలువ లోంచి కాదు,
పైన గాలికి విరిగిన కొమ్మ లోంచి.
ఇది గట్టిగా చెప్పాలి,
ఎందుకంటే కల్యు భార్య మైమూ
సల్మె ఏడ్చిందే హెల్వె, అని ఊరంతా చెబుతోంది.

చెట్టు దగ్గర తలా ఒక గుక్క వోడ్కా తాగుతారు.
డ్రైవర్ని, నాకు వద్దన్నాను.
సీసానే చేతిలో పెట్టారు.
ఇవాళ దాని మూత తీశాను.

ముందు గోరువెచ్చని నీళ్ళు, సబ్బు.
పాత బనియను గుడ్డని వోడ్కాలో తడిపి
చుక్క మీద పరిచి, అరచెయ్యి ఆనించి, ఊరుకోవాలి.
రుద్దకూడదు.
రుద్దితే రంగు పోతుంది, బంక మాత్రం ఉంటుంది.
ఒక్కో చుక్కకి అయిదు నిమిషాలు.
పెట్రోలు బంకులో అమ్మే మందయితే రెండు చాలు.
వోడ్కాకి నిదానం ఎక్కువ.

అరచేతి కింద అది మెత్తబడుతుంటే
అడవి అంతా ఒక్కసారి ముక్కుకి తగిలింది.
దాంతోపాటు, ఎందుకో, పోస్టాఫీసు.
సల్మె అక్కడ కిటికీ వెనక ముప్ఫై ఏళ్ళు.
నాకప్పుడు ఏడేళ్ళు, గల్లాబల్ల ఎక్కి
నాలుకతో స్టాంపు తడిపేదాన్ని.
ఆగవే పిల్లా, అనేది. బంక నాననీ.
తొందరపడితే మూల చిరుగుతుంది.
ఆ చేదు తీపి ఇంకా నాలుక మీద ఉంది.
ఆమెతో నేను మాట్లాడిందల్లా అంతే,
ఆ తర్వాత బండిలో తీసుకెళ్ళడమే.

పద్నాలుగు. పదిహేను.
దోమ ఉన్న చుక్క గుడ్డకి అంటుకుని వచ్చేసింది.
పదిహేడోది అద్దం అంచు రబ్బరులో దూరింది.
దానికి వంటనూనె, దూదిపుల్ల, కొంచెం తిట్లు.

పదిన్నరకి కల్యు వచ్చి
కప్పు మీద వేలు రాసి, వేలు వాసన చూసి
నా మొహం వంక చూశాడు.
నేను తాగలేదు, బండి తాగింది అన్నాను.

మైనం పూస్తుండగా అడిగాడు:
ఎండెల్‌ వాళ్ళు ఇవాళ ఏ చెట్టు అన్నారు?
పైనే, అన్నాను. సల్మె చెట్టుకి పక్కది.
కాస్త ఎడంగా ఆపు మరి.
ఆపలేను. చెక్కేది పెట్టెలో ఉన్నాయనకి కనబడాలట,
వాళ్ళావిడ మరీ మరీ చెప్పింది.

కల్యు ఇంకేమీ అనలేదు.
సీసా వెలుతురుకి ఎత్తి చూసి
మూత బిగించి
నా సీటు కింద పెట్టాడు.
ఇంకా సగం ఉంది.