గీతల ట్యాంకు

బెల్లు కొట్టకముందే నా గది తెరుస్తాను.
మెట్ల కింది గది. ఒక మంచం, ఒక తూకం,
ఐసు ముక్కల డబ్బా, గోడకు అక్షరాల పట్టిక.
పట్టికలో పైన ఒక్కటే పెద్దక్షరం,
కిందికి దిగేకొద్దీ చీమల బారు.

అబ్బాసియాలో ఈ పొద్దు దుమ్ము.
కిటికీ సందులో దోపిన తడిగుడ్డ
తొమ్మిదికల్లా బురదయింది.
ఇన్‌హేలర్ పిల్లలు ముగ్గురూ వచ్చి మంచం మీద వరసగా కూర్చున్నారు,
మాటలు పొదుపు చేసుకుంటూ.
బెన్నీ సార్ ఆటలన్నీ వరండాలోకి మార్చాడు.
గోనెసంచుల్లో దూకే కాళ్ళకు
నా మందుసీసాలు గలగలమంటున్నాయి.

వింత చెప్పనా,
యాభై డిగ్రీలు కాసే ఊళ్ళో
నా రిజిస్టర్లో పదకొండు మందికి ఎండ చాలదట!
ఫ్లాటులోంచి బస్సు, బస్సులోంచి క్లాసు,
మళ్ళీ ఫ్లాటు.
సూర్యుడంటే వాళ్ళకు
పసుపు క్రేయాను అరిగిపోయే పని.
వారానికొక బిళ్ళ రాసిచ్చాడు డాక్టరు.
ఎండను నీళ్ళతో మింగుతున్నారు నా పిల్లలు.

ఆవేళే మూడో తరగతి సి సెక్షనుకు కంటి పరీక్ష.
జుబేర్. రాయచోటి వాళ్ళు.
నాయన ఏసీలు బాగుచేస్తాడు.
డబ్బాలో సంగటి తెచ్చుకుని
మూత అడ్డం పెట్టుకుని తినే పిల్లోడు.
ఒక కన్ను మూయమన్నాను.
గడగడా చదివేశాడు
పదమూడో ఎక్కం అప్పజెప్పినట్టు,
చివరి చీమ దాకా, ఊపిరి తిప్పుకోకుండా.
రెండో కన్ను మూయమన్నాను. అదే వేగం.

పద్దెనిమిదేళ్ళుగా పిల్లల కళ్ళు చూస్తున్నాను.
చదివే కళ్ళు కదులుతాయి.
వీడివి కదల్లేదు.

లేచి పట్టికను తిరగేశాను. వెనక వేరే అక్షరాలు.
పైనున్న పెద్దక్షరం దగ్గర ఒక్క క్షణం ఆగాడు,
గుటక మింగాడు,
మళ్ళీ పాత పాఠమే మొదలుపెట్టాడు.

వరసలో వాడికి ముందు ఇరవై ఆరుగురు.
ఇరవై ఆరు సార్లు విని పట్టేశాడు.
ఇంత చెవి ఉన్నవాణ్ణి
'బోర్డు చూసి రాయడు, మొండి' అని
షైనీ టీచర్ డైరీలో రాసింది.
తలనొప్పి అని వచ్చిన ప్రతిసారీ
'నాటకం' అని నేనూ రాశాను.
నా రాత గుండ్రంగా ఉంటుంది, ఎవరైనా చదవగలరు.

"యాలరా ఇట్ల జేసినావు?"
నాకు తెలీకుండానే నోట్లోకి రాజంపేట వచ్చేసింది.
వాడు బూటు కొసతో నేల గీకాడు.
"అద్దాలంటే దినార్లు గదా మిస్.
అక్క ఫీజే ఇంగా కట్టల్యా."

మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఒక కవరు తిరిగింది.
పైన పేరు లేదు.
బస్సు ఆయా రోసమ్మ అన్నీ వంద ఫిల్సు బిళ్ళలే వేసింది,
ఆ బరువుకు కవరు అడుగు చినిగింది.
బెన్నీ సార్ విజిల్ తాడుతో కట్టాడు.

పది రోజులకు దుమ్ము వాలింది.
పొద్దున ఏడింటికే, ఎండ ముదరకముందే
మైదానంలో రిలే పందెం.
మూడో మలుపు దగ్గర జుబేర్,
ముక్కు మీద కొత్త బరువు, చేయి వెనక్కి చాచి.
కట్టె చేతికందింది.
వాడు కదల్లేదు.
"మిస్! ఆ నీళ్ళ ట్యాంకుకు గీతలుండాయి!"

దూరంగా పుట్టగొడుగుల్లా ట్యాంకులు.
'ఎప్పుడూ ఉన్నాయి కదరా' అనబోయి
నాలుక కరుచుకున్నాను.
నీలం, తెలుపు, నీలం, తెలుపు,
కట్టెతో గాల్లో లెక్కపెడుతున్నాడు.
మిగతా మూడు జట్లూ దాటిపోయాయి.
వాడి జట్టు పిల్లలు నెత్తి కొట్టుకున్నారు.
అన్విత అయితే వారం రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు కంటి పరీక్షకు
ఒక్కొక్కరినే లోపలికి పిలిచి తలుపేస్తున్నాను.
బయట వరసకు కాపలా జుబేర్.
ఎవడైనా తలుపుకు చెవి ఆనిస్తే
వెనక నుంచి చొక్కా పట్టి లాగుతాడు.
ఆ సంగతి వాడికి తెలిసినంతగా
ఇంకెవరికి తెలుసు.