పదో చేప

నవంబరులో మంచు దారి మూసేసిన రోజు
నా మోటారు సైకిల్ పొట్ట విప్పుతాం.
నాలుగు బోల్టులు, ఒక గొలుసు, పెట్రోలు గొట్టం.
బాలింత ఒడిలోంచి బిడ్డను అందుకున్నట్టు
సవ్వాతి రెండు చేతులా ఎత్తుకుని
పాత కంబళిలో చుడతాడు.
ఒక్కటే సిలిండరు దానికి.
వేసవంతా పైపస్ సరస్సు ఒడ్డున
తొమ్మిది పల్లెలకు ఉత్తరాలు మోసింది.
చలికాలం నేనూ నా తపాలా సంచీ
స్కీల మీద పోతాం.
అది కరకాత్‌లోకి పోతుంది.

కరకాత్ అంటే ఏమని చెప్పను?
ఏ కర్మాగారమూ కనని బండి.
నీళ్ల గొట్టాలు అతికించిన చట్రం,
నడుమెత్తు ట్రాక్టరు ట్యూబులు నాలుగు,
ఫైరింజన్ గొట్టం చీల్చి వాటికి కట్టిన పటకాలు,
స్టీరింగు ఎక్కడో పాడుబడ్డ ట్రక్కుది.
కూర్చునే పీట ఉస్తీన్యా వంటింట్లోంచి మాయమైంది.
మొగుడి పనేనని ఆమెకింకా తెలీదు, చెప్పకండి.
మంచు పగిలితే తేలాలని
అంత గాలి మింగి కూర్చుంటుంది.

ఒప్పందం ఒకటే: పదో చేప నాది.
లెక్క సవ్వాతిది.
ఆ లెక్కలో తొమ్మిది తర్వాత
తరచూ మళ్ళీ ఒకటి వస్తుంది.

రాత్రి స్పార్క్ ప్లగ్ విప్పి ఇంటికి తెచ్చుకుంటాడు,
పొయ్యిగట్టు మీద, ఉల్లిపాయల జడ కింద
వెచ్చగా పడుకోబెడతాడు.
తెల్లారకముందే సరస్సు మీద ముప్పై బండ్లు,
అన్నిటిలోనూ ఎవరో ఒకరి మోటారు సైకిల్ ఇంజనే.
రొట్టె కాలుస్తూనే నాది పోల్చుకుంటాను:
మూడు దగ్గులు, ఒక తడబాటు, ఆపైన పరుగు.
గుమ్మం గుమ్మానికీ ఆగి బయల్దేరిన గొంతు
ఎక్కడున్నా దాగదు.

అరువు సొమ్ము బరువు చేటంటారు.
బరువు నాకు ముందే తెలుసు, ముప్పై కిలోలు.

మార్చి పంతొమ్మిది. పడమటి గాలి.
మధ్యాహ్నం ఎవరో పెద్ద తలుపు తీసినట్టు
సరస్సు కిర్రుమంది.
మంచు పలక ఒడ్డుని వదిలి నడిచింది.
నెర్రెల మీద చెక్కలు పరుచుకుంటూ
బండ్లు ఒక్కొక్కటే దాటి వచ్చాయి.
లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది.
మళ్ళీ లెక్కపెట్టాను, సవ్వాతిలా కాదు, సరిగ్గా.

ఉస్తీన్యా వచ్చి నా గుమ్మంలో నిలబడింది.
తలమీద రుమాలు ముడి సగం ఊడి ఉంది.
లోపలికి రమ్మనలేదు, ఆమె రాలేదు.
పొయ్యిలో కట్టె చిటపటమన్నా
ఇద్దరం దాన్ని కసిరినట్టు చూశాం.

చీకటి పడ్డాక చప్పుడైంది.
ఇంజన్ది కాదు.
నీళ్లను పార కొడుతున్న చప్పుడు.

కరకాత్ మీద తేలుతూ వచ్చాడు,
మంచుపార తెడ్డుగా,
కాళ్లకు బూట్లు లేవు, వలలు లేవు, ఒంటిమీద కోటు లేదు.
కోటు ఇంజన్ వేసుకుంది,
మెడదాకా గుండీలు పెట్టుకుని,
పొగగొట్టం నోట్లో గుడ్డ కుక్కుకుని.
"తడవలేదు అగ్రిపీనా," అన్నాడు
పళ్లు టకటకలాడుతుంటే,
"నీది తడవలేదు."

ఉస్తీన్యా ముందు కొట్టింది,
తర్వాత కంబళి కప్పింది,
కప్పాక గుర్తొచ్చి మళ్ళీ కొట్టింది.
నాకేం మాట దొరకలేదు.
"చేపలేవి?" అన్నాను.

ఏప్రిల్ చివర్లో ఇంజన్ తన పొట్టలోకి తను వచ్చింది.
మూడు పాత బోల్టులు, ఒకటి కొత్తది.
దగ్గులు మాత్రం ఇప్పుడు నాలుగు.

జూన్‌లో, ఇసుక దారిలో, అది వేడెక్కగానే
చల్లదనానికి పెట్టిన రేకుల సందుల్లో
ఇరుక్కున్న పొలుసులు మాడతాయి.
కాల్చిన చేప వాసనతో పల్లెలోకి వస్తాను,
వెనక రెండు పిల్లులతో.
గీకి ఇస్తానన్నాడు సవ్వాతి. వద్దన్నాను.

తొమ్మిదో పల్లెలో ముసలి కిప్రియాన్
పింఛను కవరు అందుకుని
విప్పకుండా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"ఈ నెల ఏం వండారు, సర్కారు వారు?"