త్రిలోకం

వరంగల్ స్టేషన్ రోడ్డు, ఆదివారం.
టార్పాలిన్ మీద కుప్ప పోసిన పాత బట్టల్లో
నా చెయ్యి ఆ బనీనుకే తగిలింది.
యాభై అన్నడు, ముప్పైకిచ్చిండు.
ముదురాకుపచ్చ. వీపు మీద పద్నాలుగు.
అంకెల పైన ఒక ఇంగ్లీషు పేరు,
తొమ్మిది అక్షరాల్లో రెండే అచ్చులు,
నోట్లె వేసుకుంటే పల్లేరుకాయ.

కాజీపేట రైల్వే గ్రౌండుకు తొడుక్కొని పోతే
యాకూబ్ సార్ కళ్ళద్దాలు నుదుటికెక్కించి
కూడబలుక్కున్నడు: "త్రె... త్రెల్... త్రిలోకం!"
ఆనాటి నుంచి ఆయన మాకు త్రిలోకం అన్న.

నాకప్పుడు పదహారు. ఐదడుగుల పదకొండు.
మా వాడకట్టు పిలగాండ్లకు నేను కరెంటు స్తంభాన్ని.
నాకు కూడా మోకాళ్ళ దాక వచ్చిన బట్ట
లోకంలో అదొక్కటే.

భుజం దగ్గర కుట్టును వేలితో తడిమి
మిషను పెద్దమ్మ అన్నది:
"ఇది చేతి కుట్టే పిల్లా.
ఎవరో నిమ్మళంగ కూసుండి వేసుకున్నరు.
ఆడేటోనికి ఇంత తీరికెక్కడిది?"

సుబేదారి నెట్ సెంటర్, గంటకు పదిహేను రూపాయలు.
థ్రెల్‌కెల్డ్. ఆస్ట్రేలియా.
పదకొండు సీజన్లు, నాలుగు క్లబ్బులు.
కెయిర్న్స్, టౌన్స్‌విల్, వొలంగాంగ్, అడిలైడ్,
అట్లాసులో చూస్తే అన్నీ నీళ్ళ ఒడ్డునే.
ఆటకు సగటున ఆరు నిమిషాలు.
ఎడమ మోకాలు రెండుసార్లు కోసిండ్రు.
ఒక ఏడు మాత్రం, ఎవరిదో వేలు విరిగిన పుణ్యాన,
నలభై రోజులు మొదటి ఐదుగురిలో నిలబడ్డడు.
దొరికిన ఒక్క ఫోటో ఆ నలభై రోజుల్లోది:
నోరు తెరిచి గాల్లో ఉన్నడు,
బంతి ఎవరి దగ్గరుందో ఫోటోలో లేదు.
ముప్పై మూడేండ్లకు కాంట్రాక్టు అయిపోయింది.
ఆ కింద ఎంత జరిపినా
ఉత్త తెలుపు.

యాకూబ్ సార్‌కు చెప్పిన.
సున్నం గీత పోస్తున్న చెయ్యి ఆగలేదు.
"ఇఫ్తార్ ఎప్పుడో చెప్పకుండ
పదకొండేండ్లు రోజా పెట్టిచ్చిండ్రన్నట్టు" అన్నడు.

తర్వాత నాకు రైల్వేలో కొలువొచ్చింది,
టీము లిస్టులో చివరి నుంచి రెండో పేరు.
నీళ్ళ సీసాలందించిన. చెమట టవళ్ళు మడిచిన.
నాకంటే పొట్టి పిల్లలు నా చోట ఆడుతుంటే
అరచేతులు కందేదాక చప్పట్లు కొట్టిన.
బెంచీకొక విద్య ఉంటది, నేర్పేటోళ్ళుండరు:
మోకాళ్ళు చల్లారకుండ కూసోవాలె.
పిలిచినట్టనిపించిన ప్రతిసారీ లేవొద్దు.
నిజంగ పిలిచిననాడు
జాకెట్ జిప్పు ఇరుక్కోవద్దు.

నాగపూర్‌ల నాది ఇరుక్కున్నది.
రెఫరీ విజిల్ పట్టుకొని నిలబడ్డడు,
హాలుకు హాలే నా జిప్పును చూసింది.
ఆ మీద ఒక నిమిషం నలభై సెకన్లు.
నా చేతికి బంతి ఒక్కపారి వచ్చింది,
ఎవరికివ్వాల్నో వాళ్ళకే పోయింది.
అంతే.
ఆ రాత్రి రైల్ల, పై బెర్తు మీద,
కాళ్ళు చాపనీకి జాగ లేక
నవ్వుకుంట పండుకున్న.

ఇప్పుడు పొద్దంతా మూడో ప్లాట్‌ఫాం, నల్లకోటు.
సాయంత్రం గ్రౌండు.
యాకూబ్ సార్ లేడు, ఆయన విజిలు నా మెడల ఉన్నది.
బనీను మీద నాలుగు ఊడిపోయి ఒకటే మిగిలింది.
"ఫస్ట్ నంబరా అక్కా!" అని మురిసి
ధర్మసాగర్ పొడుగు పిల్ల స్పందన అడిగి తీసుకున్నది.

మొన్న భుజం మళ్ళ పిగిలింది.
పచ్చదారం లేక తెల్లదారంతోనే
గీత మీద కూసుండి కుడుతున్న.
పిల్ల వంగి, సగం చెరిగిన పేరు చూసి అడిగింది:
"ఈ త్రిలోకం ఎవరక్కా? రైల్వేకే ఆడిండా?"

భాగ్యనగర్ కూత వేసుకుంట పోతున్నది.
అది దాటేదాక ఆగి
దారం పంటితో తెంపిన.

"మన సీనియర్" అన్న.
"పో, ఇంకో రెండు చుట్లు ఉరుకు.
ఒళ్ళు చల్లారనియ్యకు."