కుట్టు లోపల వదిలిన గుడ్డ

నెలనెలా ఐదో తారీకున
ఫోన్ ఒకసారి వణుకుతుంది,
నా ఖాతాలోంచి పన్నెండు వందలు
మౌలాలి పిల్లల ఇంటికి చేరాయని.
నా లెక్కలో అవి పన్నెండు చీరల ఫాలూ పికో.
సీతాఫల్‌మండి సందులో
షట్టర్ సగమే లేచే దుకాణంలో కూర్చుని అనుకుంటాను:
ఈ ఆకుపచ్చ అంచు ఆమె నోటుపుస్తకం,
ఈ నలిగిన నేతచీర
పెరుగన్నమేమో, ఎవరికి తెలుసు.

రసీదు మీద "దాత: సుగుణాబాయి" అని ఉంటుంది.
చదివినప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తాను
ఆవిడెవరో వచ్చి నిలబడిందేమోనని.

మూడు నెలలకో ఉత్తరం.
"పూజ్యులైన దాత గారికి తుల్జ వ్రాయునది.
నేను బాగా చదువుకొనుచున్నాను. మీ మేలు మరువను."
బోర్డు మీంచి దించిన అక్షరాలు.
ఇరవై రెండు మంది పిల్లలు
ఇరవై రెండు ఇళ్లకు ఇదే మాట రాసి ఉంటారు.
తప్పు పట్టను.
కొలత చెప్పేవాళ్లు లేకపోతే నేనూ అంతే,
అన్ని జాకెట్లకీ ఒకే అట్టముక్క పెట్టి కత్తిరిస్తాను.

దసరాకి ఓ గౌను కుట్టి పంపాను.
కొలతలడిగితే ఆఫీసులో చెప్పారు,
"తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి."
భుజమెంతో నడుమెంతో ఎవరికీ తెలీదు.
మా గల్లీలో ఆ ఈడు పిల్లల్ని దొంగచూపులు చూసి
అందాజుగా కోశాను,
పక్కకుట్ల లోపల రెండేసి అంగుళాలు వదిలి.
పెరిగే పిల్ల కదా, విప్పుకోవచ్చు.

ఈసారి ఉత్తరం చివర
రబ్బరుతో చెరిపిన మరక.
మిషను బల్బు కింద ఏటవాలుగా పట్టుకుంటే
పెన్సిల్ నొక్కిన గాట్లు లేచాయి:
"చంకల కాడ టైట్ అయితుంది.
గానీ ఎవ్వరికీ ఇయ్య."

ఎవరు చెరిపించారో, తనే చెరిపిందో.
నాకు వచ్చిన మొదటి ఉత్తరం అదే.

ఆదివారం టేపూ, కత్తెరా, కుట్లు విప్పే సూదీ
సంచిలో వేసుకుని బస్సెక్కాను.
తుల్జ నేననుకున్నదాని కంటే పొట్టి.
భుజాలు మాత్రం బండమోసేవాళ్లలా వెడల్పు.
టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టి
పొట్ట లోపలికి లాక్కుంది,
ఎంత తక్కువ చోటు పడితే అంత మంచిదన్నట్టు.
"ఒదులు బిడ్డా, నిండా పీల్చు.
లేకుంటే మళ్లా టైటైతది."

కుట్లు విప్పుతూ తలెత్తితే
గుమ్మం నుంచి మెట్లదాకా వరుస,
చేతులు పక్కలకు చాచి, ఒకరి వెనక ఒకరు.
నేనొచ్చింది ఒక్కదాని కోసమే అనబోయి
దారం కొరుక్కుంటూ ఊరుకున్నాను.

రసీదు వెనక రాసుకున్నాను.
హసీనా, ఛాతీ ఇరవై ఆరు.
పోశవ్వ, భుజం పదకొండున్నర.
ఎస్తేరు, నిలబడదు, మళ్లీ చూడాలి.
ఇంత గుడ్డ ఎక్కణ్ణుంచి తేవాలో
ఇంకా తెలీదు.

ఒక చిన్నది కొలిచాక చెవిలో చెప్పింది,
తనకు గౌనేం వద్దట.
"ఇంగోసారి కొలువు" అంది.