ఎంటర్ కొట్టని ఊరు

ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఇచ్చిన రాత్రి
అమలాపురం కంట్రోల్ రూములో
జనరేటర్ దగ్గుతోంది.
వీఆర్వో దంగేటి వీరభద్రం గారు పంపిన జాబితా:
వరసకో ఊరు, దాని కింద ఇంకో ఊరు,
తెర మీద చూస్తే
గట్టెక్కి నిలబడ్డ జనంలా ఉంది.
"పడవకో ఊరు రాసి పంపెయ్" అన్నారు తాసీల్దారు.
ఎంతసేపు, నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు.

ఖాళీ కనిపిస్తే చాలు, షెల్ కత్తి దూస్తుంది.
నాకా సంగతి తెలుసు.
ఆ రాత్రి రెండింటికి మాత్రం తెలియలేదు.

నాలుగింటికి ఓలేటి ధనకోటి ఫోను:
"ఆయ్, నాకు 'పాత' అని వచ్చిందండి.
మా బామ్మర్దికి 'రేవు' అంటండి.
ఎనకాల పడవోడికి వట్టి 'లంక'.
ఏ లంకండీ? ఇక్కడన్నీ లంకలే కదండీ!"

పాత రేవు లంకను మూడు ముక్కలు చేశాను,
ఏరింకా చెయ్యని పని.

విడదీసే గుర్తు మార్చాను.
ఖాళీ దగ్గర ఆగకు,
వరస తెగిన చోటే తెంపు,
ఒక్కో వరసా చదివి ఒక్కో గదిలో పెట్టు,
లెక్క సున్నా నుంచి.
లాకు తలుపెత్తితే
ఏ బోదె నీళ్లు ఆ బోదెలోకి మళ్ళినట్టు
పేర్లన్నీ, మధ్య ఖాళీలతో సహా, దిగిపోయాయి.
వెలుగు రాగానే పడవలు కదిలాయి.
నేను టీ తాగాను.

పదింటికి ధనకోటి మళ్ళీ.
"అందరికీ ఇచ్చేసామండి.
ఒక పడవ మాత్రం కట్టేసే ఉందండి, పొట్లాలతోటి."

మిగలకూడదే.
తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టాను: పద్దెనిమిది ఊళ్లు.
గదుల్లో పదిహేడు.
చివరి పేరు కాకుల దిబ్బ.
దాని తర్వాత ఎంటర్ లేదు.
వరస ముగిసిన గుర్తు కోసం చూసి, దొరక్క,
లూపు గడప దాటి వెళ్ళిపోయింది,
ఆ పేరు చేత్తో పట్టుకునే.

వీరభద్రం గారికి రింగు చాలాసేపు పోయింది.
"ఆ పేరు కొడుతుండగా గదిలోకి నీళ్ళొచ్చాయయ్యా,
పంపేసి అటకెక్కాను."
ఎక్కడున్నారండీ?
"ఎక్కడేంటి, కాకుల దిబ్బలోనే."

ధనకోటి తాడు విప్పాడు.
నేను లూపు మొదట్లో ఒక షరతు చేర్చాను:
గుర్తు రాకపోయినా
చేతిలో ఏదైనా ఉంటే వదలకు.
పక్కన హాష్ పెట్టి కారణం రాయాలి.
ఊరి పేరు రాశాను.