మూడో గోళీ

జీవకోనలో మా బండి మింద
తెల్లచొక్కా పరిచినాను.
నీళ్లు చల్లే లోపలే
దాని జేబు మింద వొచ్చి వాలింది
ఈకంత తేలిగ్గా, కాలిన ఆకొకటి.
ఈనెలన్నీ అట్లే ఉండాయి.
ముట్టుకుంటే మసి.

హెడ్మాస్టరు సారు మరకను చూసి
"నీ బొగ్గుల పెట్టె పనే ఇది రెడ్డెమ్మా" అన్నాడు.
బొగ్గులు మానేసి ఏడాదైంది సార్.
రుయా ఆస్పత్రిలో డాక్టరమ్మ
బిడ్డ రొమ్ము మింద గొట్టం పెట్టి విని,
నా చేతుల్ని వాసన చూసినట్టు చూసి,
"ఇంట్లో పొగేదమ్మా?" అని అడిగిన రోజే
మా అమ్మ నాటి ఇత్తడి పెట్టెను
పాతసామాన్లోడికి తూకానికి ఇచ్చేసినాను.
సంఘంలో అప్పు తీసి గ్యాసు పెట్టె కొన్నాను.
ఇంకా నాలుగు కంతులుండాయి.

పొగను ఇంట్లోంచి తరిమినాననుకుంటి.
అది కొండెక్కి కూచోనుండాది.

రేత్రి చూస్తే శేషాచలం నడుముకి
ఎర్ర మొలతాడు కట్టినట్టు, వంకరటింకరగా.
బస్సుల్లో వొచ్చినోళ్లు ఫోన్లు పైకెత్తి
దీపాలనుకోని దండం పెట్టుకుంటారు.
నేను చెప్పను.
ఆ తాడు పక్కన ఏ చీకట్లోనో మా ఆయన ఉండాడు,
చెంగల్రాయుడు, ఫైరు వాచరు, దినకూలి,
వీపున ఆకులూదే మిషను,
చేతిలో పచ్చికొమ్మ.

శివరాత్రికి చలి శివశివా అనుకుంటా పోయేది,
ఆ తర్వాతే పొగ వంతు.
ఇప్పుడు చలీ పొగా
ఒకే దుప్పట్లో పండుకుంటాండాయి.
కార్తీకంలో ఇదే కొండ
మా సందులోకి మోకాలి లోతు నీళ్లు తోలింది,
జనాల గుడ్డల మూటలు అటకెక్కించి కూచున్నాం.
ఆ వానకి పెరిగిన బోదే
మూడునెల్ల ఎండకి గలగలా ఎండి
ఒక్క బీడీ కోసం కాచుకోనుండాది.
మేకలోళ్లు పెట్నారంటారు వీళ్లు,
ఎర్రదుంగల దొంగలంటారు వాళ్లు.
"ఎవురు పెడితేనేం" అంటాడు మా ఆయన,
"ముందు రేత్రిపూట మంచు పడి అదే పండుకునేది.
ఇప్పుడు నిప్పుకి నిద్ర లేదు."

లోహిత ఫోనులో చూసి అరిచింది:
"అమ్మా, మన గాలికి నూటా డెబ్బయ్యారు మార్కులు!"
వందకి అన్ని ఎట్ల వొస్తాయే అంటే
"ఇది ఎక్కువొస్తే ఫెయిలు" అంది
తొమ్మిదేండ్ల బిడ్డ, దగ్గు మధ్యలో.

కిటికీకి తడిపంచ కట్టినాను.
తెల్లారి విప్పితే బూడిద రంగు.
పిండితే నీళ్లు టీ రంగు.
ఆ పంచ ఎవురిదో చెప్పను,
ఇంకా వొచ్చి తీసకపోలేదు వాళ్లు.

నాలుగో దినం మా ఆయన దిగొచ్చినాడు,
కనుబొమ్మలు కాలిపోయి.
బిడ్డ ఎదురు పరిగెత్తబోతే
నేనే అడ్డం నిలబడినాను.
"నీళ్లు పోసుకునే దాకా తాకొద్దు."
మైలపడినోణ్ణి ఆపినట్టు.
అతను ఏమీ అనలేదు, బోరింగు కాడికి నడిచినాడు.

అన్నం తిన్నాక, ఆస్పత్రిలో రాసిచ్చిన
మూడు గోళీల డబ్బా చేతిలోకి తీసుకున్నాడు.
"ఊదగూడదు నాయినా, పీల్చల్ల" అని నేర్పించింది.
అది పీలిస్తే రెండు లేచినాయి,
మూడోది అడుగున వొణికి ఊరుకుంది.
"ఇప్పుడు నువ్వు."
మొదటి గోళీ సగానికొచ్చి
టక్కున పడింది.
"నాయినా, నాటకాలు!" అని అది నవ్వుతాంది.
అతనూ నవ్వినాడు, ఆ నవ్వు దగ్గైంది,
దగ్గు వాకిట్లోకి పోయింది,
చానాసేపు లోపలికి రాలేదు.

నేను డబ్బా వైపు చూడలేదు.
గ్యాసు వెలిగించి
సారు చొక్కా మళ్లీ పరిచినాను.
కాలరు కింద ఇంకో ఆకు.
ఉఫ్ అని ఊదేస్తే పోయేదే.
ఊదాలంటే ముందు
గుండెనిండా పీల్చుకోవాల గదా.
నోరు మూసుకోని
చేత్తో తీసినాను.
మరకైంది.