తోమసా కేకేసిన రూటు

ఎల్ ఆల్తోలో, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల పైన,
మా స్కానింగ్ గదికి ఒక్కటే హీటరు, అదీ సగం రోజే.
జెల్లు చల్లగా ఉంటుందని ముందే చెప్పాను.
"వ్యాను తలుపులో నిలబడేదాన్ని, నాకు చలేం లెక్క?" అంది
తోమసా అపాసా.
ఎనిమిదో నెల. బొంగురు గొంతు.
మినీబస్సులోంచి స్టాపుల పేర్లు అరిచే ఉద్యోగం.

తెర మీద అక్రోటు కాయంత గుండె,
ఎరుపు, నీలం వెలిగి ఆరుతూ.
"నీలం చెడ్డ నెత్తురా?"
కాదమ్మా. ఎరుపంటే నా చేతివైపు వస్తున్నది,
నీలమంటే నన్ను దాటి పోతున్నది.
మంచీ చెడ్డా ఈ యంత్రానికి తెలీదు.
"మరి ఏ దారిన పోతోంది?"

ఎవరూ అలా అడగరు.
వేళ్లు లెక్కపెట్టమంటారు, ఆడో మగో చెప్పమంటారు.
ఆ పూట బయట రాస్తారోకో,
కొండ దిగే రోడ్డుకడ్డంగా రాళ్లు, కాలుతున్న టైర్లు.
తర్వాతి పేషెంట్లు రాలేదు. నాకు తీరిక దొరికింది.

మొదటి స్టాపు మాయ.
అక్కడ నీ నెత్తురూ వాడి నెత్తురూ కలవవు,
పిట్టగోడకు అటొకరూ ఇటొకరూ నిలబడి
గిన్నెలు మార్చుకున్నట్టు
ఇచ్చిపుచ్చుకుంటాయి.
నువ్వు పీల్చేదే పలచని గాలి,
వాడికి చేరేది ఇంకా పలచన.
అయినా వాడి నెత్తురు పిసినారిది,
దొరికిన పిసరును పిడికిట్లోంచి జారనివ్వదు.

బొడ్డుతాట్లో రెండు గొట్టాలు వాడు వాడేసింది తెస్తాయి,
ఒకటి కొత్తది పట్టుకెళ్తుంది.
తర్వాత కాలేయం. సంతరోజు వీధిలా ఉంటుంది,
అన్ని బళ్లూ దూరితే అక్కడే తెల్లారుతుంది.
అందుకని వెనకో సందు, కొన్ని బళ్లు అటే దూసుకుపోతాయి.
ఆపైన గుండె కుడిగది, దాని గోడలో
ఒక్క వైపే తెరుచుకునే కిటికీ.
ఊపుమీద వచ్చిన మంచి నెత్తురు
కిటికీ దూకి ఎడమగదిలో పడి
ముందు మెదడుకి, ఆ తర్వాతే ఎవరికైనా.
మిగతాది ఊపిరితిత్తుల వైపు బయల్దేరి...

"అక్కడ రోడ్డు మూసేసుంటారు," అంది తోమసా.

అవును. నిండా నీళ్లు, బిగుసుకున్న దారులు.
రాళ్ల మధ్యలోంచి సైకిళ్లను వదిలినట్టు
కాస్త నెత్తురు మాత్రం పోయి వస్తుంది.
తక్కినదంతా ఓ అడ్డగొట్టంలోంచి
పెద్ద ధమనిలో తేలుతుంది,
పేగులకు, కాళ్లకు, మళ్లీ మాయకు.

జెల్లు తుడుచుకోకుండానే లేచి కూర్చుంది:
"మాయ! మాయ! బొడ్డుతాడు, సందు, కిటికీ, మెదడు!
ఊపిరితిత్తులకు పోదు, పోదు!
అడ్డగొట్టం మీదుగా కాళ్లు, మాయ!
ఎక్కండి, ఇంకొకరికి చోటుంది!"
నర్సు తొంగి చూసి తలుపేసుకుంది.

మూడు వారాలకు ఎవారిస్తో పుట్టాడు.
ఒక్క ఏడుపుకి రాళ్లు పక్కకి దొర్లాయి.
నీళ్లు ఇంకాయి, గాలి జొరబడింది,
అవతలి తోపుకి కిటికీ రెక్క మూసుకుంది.
తోమసా ప్లాస్టిక్ బకెట్టులో మాయను అడిగి తీసుకుపోయి
పెరట్లో పూడ్చిపెట్టింది.

అడ్డగొట్టం మాత్రం మూసుకోలేదు.
దాన్ని బిగించేది ప్రాణవాయువే,
మా ఎత్తున కరువూ దానికే.
నాలుగో రోజు వాడి ఛాతీలో హోరు,
తెర మీద అదే చోట, ఈసారి ఎదురు దిక్కున.
"రోడ్డు తెరిచారుగా, ఇంకా ఆ సందులో ఏం పని?"
బళ్లకింకా కబురందలేదు, అన్నాను.
నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆరో వారం, పదో వారం, దారంలా సన్నగా.
తర్వాతొక మంగళవారం
అక్కడ ఎరుపూ లేదు, నీలమూ లేదు.
రెండుసార్లు చూశాను. చేయి మార్చి ఇంకోసారి.

మొన్న సాయంత్రం ఆమె బండే ఎక్కాను.
వీపున రంగుల గుడ్డలో పిల్లాడు నిద్ర,
తలుపులో ఆమె: "సేహా, సేహా, సేహా!"
నన్ను చూసి, మధ్యలో ఒక్కసారి, "మాయ!"
వెనక సీటు ముసలాయన అదెక్కడమ్మా అన్నాడు.

"ఆ స్టాపు ఎత్తేశారు తాతా," అంది,
చిల్లర లెక్కపెట్టుకుంటూ.